తృప్తి కాగితం

ఆ గురువారం పట్టాభిరామయ్య పెట్టుకున్న పనులు రెండే. తండ్రి తద్దినం ఏ లోపమూ లేకుండా జరపడం. సరుకులమ్మే వాళ్ళెవరినీ గడప తొక్కనివ్వకపోవడం.

మొదటిది ముఖ్యం. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో తండ్రి మంచినీళ్ళు అడిగాడు. డాక్టరు వద్దన్నాడని ఇతను ఇవ్వలేదు. తరువాత ఇద్దామంటే మనిషి లేడు. ఏటా ఈ రోజున ఆ గ్లాసుడు నీళ్ళే గొంతుకు అడ్డం పడతాయి.

రెండోదానికీ కారణముంది. హైటెక్ సిటీ భవనం లేచాక మాదాపూర్‌లో ప్రతి ఇంట్లోనూ కంప్యూటరు జీతాలేనని అమ్మకాల వాళ్ళ నమ్మకం. పట్టాభిరామయ్య నీటిపారుదల శాఖలో గుమాస్తా. అయినా అలా వచ్చినవాడి దగ్గరే నెల క్రితం నీళ్ళ ఫిల్టరు కొన్నాడు. మూడో రోజు నుంచి అది కారుతోంది. భార్య పుణ్యవతి కంపెనీకి పదకొండుసార్లు ఫోన్ చేసింది.

"మీ కంప్లయింటు రాసుకున్నాం మేడమ్."

"రాసుకుంటే కారడం ఆగుతుందా అమ్మా?"

"మనిషి వస్తాడు మేడమ్."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది మేడమ్."

పురోహితుడు రామబ్రహ్మంగారు పితృదేవతల తరఫున భోంచేసే భోక్తల్లో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చారు. "రెండో ఆయనకు జ్వరమట. తమ్ముడి కొడుకును పంపుతున్నాడు. నేనూ చూళ్ళేదు. ఈ ప్రాంతంవాళ్ళే" అన్నారు.

పదింటికి గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా, టై, చేతిలో సంచీతో ఒకతను నిలబడ్డాడు.

"నమస్కారమండీ, నన్ను రమ్మన్నారు..."

"మీ అందరినీ ఎవరో ఒకరు రమ్మంటూనే ఉంటారు. మాకేం అక్కర్లేదు, వెళ్ళండి!" తడిపంచెతోనే అరిచాడు పట్టాభిరామయ్య. అతను గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

పావుగంటకు మాసిన గడ్డం, గుడ్డసంచీతో బక్కపలచని మనిషి వచ్చాడు. "పిలిచిన్రంట సార్. వంటింట్ల పని."

"రండి, మీకోసమే చూస్తున్నాం! వంటింట్లోకి మాత్రం వెళ్ళకూడదు. మడి. ముందు స్నానం చెయ్యండి."

కస్టమరు మాటకు ఎదురు చెప్పొద్దని ఆ మనిషికి కంపెనీలో నేర్పారు. స్నానం చేశాడు.

"జంధ్యమేదయ్యా?" అన్నారు రామబ్రహ్మంగారు.

"అది మాకు ఆఫీసుల ఇయ్యలే సార్."

"ఈ కాలపు కుర్రాళ్ళు!" అని ఆయనే కొత్తది వేశారు. పట్టాభిరామయ్య కాళ్ళు కడగబోతే ఆ మనిషి వెనక్కి లాక్కున్నాడు. "అయ్యో, వద్దు సార్!"

"ఇవాళ మీరు మా నాన్నగారండీ."

ఆపైన అతను నోరు తెరవబోయినప్పుడల్లా రామబ్రహ్మంగారు కసిరారు. "భోక్తలు మాట్లాడకూడదు!"

విస్తట్లో ఒక్క మెతుకు మిగల్లేదు. మూడుసార్లు ఖాళీ గ్లాసు చూపించాడు. మూడుసార్లూ పట్టాభిరామయ్య నీళ్ళు పోశాడు. తండ్రి ఎవరి చేత్తో గ్లాసు చాపుతాడో మంత్రాల్లో ఎక్కడైనా ఉందా అనుకున్నాడు.

"తృప్తేనా అని అడగండి" అన్నారు రామబ్రహ్మంగారు.

మొదటి భోక్త తృప్తి అన్నాడు. రెండో మనిషి ఎడమచేత్తో సంచిలోంచి కాగితం తీశాడు.

"నా తృప్తిదేముంది సార్, మీ తృప్తి గావాలె. నేను యాదయ్య, ఫిల్టరు కంపెనీల పనిచేస్త. పని మంచిగయిందని ఈడ సంతకం పెట్టుండ్రి. అది లేకుండ పోతే నా నౌకరి పోతది. అప్పటిదాంక తృప్తని ఎట్లంట?"

పుణ్యవతి నెమ్మదిగా అంది. "అయితే పొద్దున్న మీరు తరిమేసిన టై అబ్బాయి..."

రామబ్రహ్మంగారు బయటి ఎండ వైపు చూశారు. "భోక్త తృప్తి అనందే పిండం పెట్టడానికి లేదు. వేళ మించిపోతోంది."

"ఈయన భోక్త కాదు కదండీ!"

"కాళ్ళు కడిగింది మీరు. జంధ్యం వేసింది నేను. తిన్నది అతను. ఇంకెవరిని అడుగుతారు?"

పట్టాభిరామయ్య తుడిచినట్లున్న విస్తరి చూశాడు. 'సర్వీసు పూర్తిగా తృప్తికరం' అన్నచోట సంతకం పెట్టాడు.

"తృప్తి సార్" అన్నాడు యాదయ్య. "నిన్నటి సంది ఏం తినలే."

పిండం పెట్టారు. యాదయ్య చొక్కా తొడుక్కున్నాడు.

"మరి ఫిల్టరు?" అంది పుణ్యవతి.

"సంతకమయింది గదమ్మా, కంప్లయింటు బందయినట్టే. ఇగ నేను ముట్టొద్దు. మళ్ళ ఫోన్ చేసి రాయించుండ్రి."

తండ్రికి నీళ్ళు అందాయో లేదో చెప్పగలవారు ఎవరూ లేరు. వంటింటి గట్టుకు మాత్రం అందుతూనే ఉన్నాయి.