చెట్టు కొట్టని చెక్కనేల

"ఇకమీదట ఈ పట్టణంలో ఏ వృద్ధురాలూ గుంటల నేల మీద కాలు మోపదు. చెక్క మీదే మోపుతుంది" అని మా మున్సిపల్ ఛైర్మన్ గారు మైకులో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే ఉన్నాను. పక్కనున్న ముసలాయనకు వినికిడి తక్కువ. మనల్ని చెక్కపెట్టెలో పెడతారటా అని నన్నడిగాడు. కాదులే బాబూ, ఇంకా టైముంది అన్నాను.

సంగతేమిటంటే, మున్సిపల్ ఆసుపత్రిలో ఒక కసరత్తు హాలుంది. కాళ్లూ నడుములూ విరిగినవాళ్లకు ఫిజియో డాక్టరు అక్కడ మళ్లీ నడక నేర్పుతాడు. ఆ హాలు నేల నిండా గుంటలే. మా అక్కకు తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యింది. వాకరు పట్టుకుని వెళ్తే, వాకరు కాలు గుంటలో దిగబడిపోయేది. ఈ మూణ్ణెల్లూ రోజూ నడిస్తేనే నడక వస్తుంది, లేదంటే జన్మంతా కుర్చీయేనని పెద్ద డాక్టరు గారు తేల్చి చెప్పారు. కుర్చీ అంటే మా అక్కకు గిట్టదు. బుద్ధెరిగాక నేనావిడ కూర్చోగా చూసింది ఫోటోల్లోనే.

ఇంతలో ఛైర్మన్ గారు ఆసుపత్రి తనిఖీకొచ్చారు. ఆయన బూటు గుంటలో ఇరుక్కుంది. ప్రజల కష్టం అలా ఆయన కాలికి తెలిసొచ్చింది. వెంటనే సభ పెట్టి చెక్కనేల ప్రకటించారు.

ప్రకటన గొప్పది కాబట్టి సభా గొప్పగానే జరిగింది. వేదిక, లైట్లు, ఆయన చెక్కనేల మీద నిలబడినట్టు వీధి వీధికీ నిలువెత్తు ఫ్లెక్సీలు. అదంతా అయ్యాక ఇంజనీరు గారు మిగిలిన నిధులు చూసి, దీంతో చెక్కనేల కాదు కదా, చెక్క గడప కూడా రాదని తేల్చారు. ఆయన మర్యాదస్తుడు. సభ ముగిసేదాకా ఆగి మరీ తేల్చారు.

దారి చూపించింది టైల్స్ షాపాయన. చెక్కలాగే కనబడే పింగాణీ టైల్స్ ఉన్నాయట. పొడుగ్గా పలకల్లా ఉంటాయి. పైన గీతలూ కణుపులూ అచ్చు వేస్తారు. అసలు చెక్క ధరలో పిసరంత పెడితే చాలు. ఎంపికకు ప్రజల మనిషి కూడా ఉండాలని రూలట, మా అక్కను పిలిచారు. తోడుగా నేనూ వెళ్లాను.

ఇంజనీరు గారికి నిగనిగలాడే రకం నచ్చింది. వంగి చూస్తే మనిషి ముఖం కనబడుతోంది, ఛైర్మన్ గారు సంతోషిస్తారు అన్నారు. మా అక్క సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ఆ పలక మీద కాసిని పోసి, మంచి కాలు ఆనించింది. సర్రున జారింది. నేను పట్టుకోకపోతే రెండో తుంటీ విరిగేది. పక్కన మూలకు పడేసిన గరుకు పలక మీదా నీళ్లు పోసి కాలు పెట్టింది. కదల్లేదు.

"ఇది ఇవ్వు నాయనా."

"అది పాత సరుకు పెద్దమ్మా. మురికి పడుతుందని ఎవరూ కొనట్లేదు. సగం ధరకే ఇచ్చేస్తాను" అన్నాడు షాపాయన.

సగం ధర అనేసరికి ఇంజనీరు గారికి ఆ పలకలో అందం కూడా కనబడింది.

పని చకచకా అయింది. టైల్స్ మేస్త్రి చివరి వరస పరిచి తుడిచాక మా అక్క వాకరు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆగకుండా నడిచింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, ఏమే నోరు తెరిచి నుంచున్నావు, ఈగలు దూరతాయి అంది. సంతోషమొస్తే ఆవిడ అలాగే తిడుతుంది.

అప్పుడే ఛైర్మన్ గారు లోపలికొచ్చారు. టైల్స్ బాగా కుదిరాయండి అన్నాడు మేస్త్రి.

"ఏం కుదిరాయి?"

"టైల్సండి."

"నేను ప్రజలకేం మాటిచ్చాను?"

"చెక్కండి."

"మరి ఇదేమిటి?"

మేస్త్రి నేలకేసి చూశాడు. ఛైర్మన్ గారికేసి చూశాడు. "చెక్కేనండి" అన్నాడు.

ఆ పూటే ఉత్తరువు వచ్చింది. ఆసుపత్రిలో ఎవరూ టైల్స్ అన్న మాట అనకూడదు. ఫైల్లోనూ చెక్క అనే దిద్దారు. ఇచ్చిన మాట కోసం పింగాణీని చెక్క చేసిన నాయకుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ప్రారంభోత్సవం నాడు విలేకరులు ఊరికే ఉంటారా? దీనికోసం ఎన్ని చెట్లు కొట్టారని అడిగారు. ఒక్క చెట్టూ కొట్టలేదన్నారు ఛైర్మన్ గారు. మరి ఇది అసలైన చెక్కేనా అంటే నూటికి నూరుపాళ్లన్నారు. వెనక నుంచి ఒకతను లేచి, ప్రతి పలక మీదా అదే కణుపు అదే చోట ఎందుకుందని అడిగాడు.

"అన్నీ ఒకే చెట్టువి కాబట్టి."

"చెట్టే కొట్టలేదన్నారు కదండీ?"

"అందుకే ఒక్కటే కణుపు."

అందరం చప్పట్లు కొట్టాం. చెట్టు కొట్టకుండా చెక్క తెచ్చిన నాయకుడని మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో పడింది.

చెక్క అన్నాక చెక్కకు ఉండే మర్యాదలుంటాయి. నీళ్లు తగలకూడదు. నెలనెలా నూనె పట్టించాలి. ఆ పనికి చెక్కనేలల సంరక్షకుడని ఒక ఉద్యోగం పుట్టింది. ఎంతోమందిని వడపోసి చివరికి ఛైర్మన్ గారి బావమరిదినే తీసుకున్నారు. ఆయన డబ్బా ఎత్తి నూనె వంపాడు. చెక్కయితే తాగును. ఇది తాగలేదు. పోసింది పోసినట్టే నిలబడింది.

"బాబూ, ఇది తాగేలా లేదు" అన్నాను.

"కొత్త చెక్క కదా మామ్మగారూ, అలవాటవ్వాలి" అని ఇంకో డబ్బా వంపాడు.

మర్నాడు ఫిజియో డాక్టరు తలుపు దగ్గర ఒక్క అడుగు వేసి, రెండో అడుగు వేయకుండానే అవతలి గోడ చేరాడు. గుమ్మంలోనే ఉన్న మా అక్క వాకరు వెనక్కి లాక్కుంది. సబ్బునీళ్లతో కడిగించండి మహాప్రభో అని ఇంజనీరు గారిని బతిమాలింది. చెక్క మీద నీళ్లు పోయిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా అన్నారాయన. అయితే టైల్స్ అనుకుని కడిగించండి అంది అక్క. ఆయన అటూ ఇటూ చూసి, ఆ మాట మెల్లగా అనండమ్మా అన్నారు.

చివరికి ప్రజల క్షేమం కోరి హాలుకు తాళం వేశారు. తాళంచెవి మున్సిపల్ ఆఫీసు మేడమీద బావమరిది గారి దగ్గరుంచారు.

"నేల విడిచి సాము చేయమంటారేమిటే వీళ్లు?" అని మా అక్క ఆ రోజే తాళంచెవి అడగడానికి బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లి ఆయాసపడి తిరిగొచ్చింది. మర్నాడు ఇంకాస్త దూరం వెళ్లింది. కొన్నాళ్లకు ఆఫీసు గుమ్మం అందింది. తర్వాత మెట్లు ఒక్కొక్కటే లొంగాయి. పైకెళితే బావమరిది గారు రేపు రమ్మనేవారు. ఈవిడ రేపు వెళ్లేది. ఎండా లేదు, వానా లేదు. వాకరు పోయి చేతికర్ర వచ్చింది.

మూణ్ణెల్ల గడువు నాటికి పెద్ద డాక్టరు గారు మా అక్కను నడిపించి చూసి నివ్వెరపోయారు. ఏ కసరత్తు చేశారని అడిగారు. ఉన్నది చెప్పింది. ఆ మాట ఆయన నోటి నుంచి ఛైర్మన్ గారి చెవికీ, అక్కడి నుంచి పేపరుకూ చేరింది. చెక్కనేల చలవతో లేచి నడిచిన వృద్ధురాలు అని, తాళం వేసిన తలుపు ముందు నిలబెట్టి మా అక్క ఫోటో వేశారు.

అప్పటి నుంచి తుంటి విరిగినవాళ్లందరినీ పెద్ద డాక్టరు గారు తాళంచెవి అడిగి రమ్మని పంపుతున్నారు. ఆఫీసు మెట్ల మీద కర్రలూ వాకర్లూ బారులు తీరాయి. బావమరిది గారికి మధ్యాహ్నం కునుకు కూడా లేకుండా పోయింది. అది చూసి ఛైర్మన్ గారు చలించిపోయారు. పోయిన వారం సభ పెట్టి, వృద్ధుల ఆరోగ్యం దృష్ట్యా తాళంచెవిని ఊరవతలి కొత్త ఆఫీసుకు మారుస్తున్నట్టు ప్రకటించారు.

మా అక్క నిన్న కొత్త చెప్పులు కొనుక్కుంది.