సింధూరం పూసిన చట్రం

ఆ శుక్రవారం ఉదయం ఏడు గంటలకు జగ్గయ్యపేటలో, విశ్రాంత ఉపతహసీల్దారు తిరుపతిరావు గారి పెరటిలో హాజరైన వారు వరుసగా వీరు: ప్రథమంగా ఇంగ్లీషు మోటారు పుస్తకంతో తిరుపతిరావు గారు; ద్వితీయంగా సుత్తితో మిస్త్రీ ఇనాయతుల్లా; తృతీయంగా రెండు గ్లాసుల కాఫీతోనూ, ఒక స్థిరాభిప్రాయంతోనూ ఆయన సతీమణి భారతీదేవి గారు. నాలుగవది, ఇంజనూ చక్రాలూ విప్పి పశువుల కొట్టం గోడకు నిటారుగా ఆనించిన జీపు చట్రం. యుద్ధానికి వెళ్లివచ్చిన ఆ జీపును తిరుపతిరావు గారు వేలంలో కొన్నారు.

"వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం నందిగామలో జీపుకి ఇన్‌స్పెక్టరు పరీక్ష. నెగ్గకపోతే పాత ఇనుముకి ఇచ్చేస్తానన్నారు. మాట మీదుంటారుగా?" అన్నారు భారతీదేవి గారు.

"ఉంటా," అన్నారు ఆయన. ముప్పయ్యేళ్ల కొలువులో మాట తప్పి ఎరుగరు; జీపు లేని శేషజీవితాన్ని మాత్రం ఊహించలేకపోయారు.

"బాబుగారూ, రంగు తర్వాతండి. ముందు సుత్తితో అంతా తట్టి చూద్దామండి. లోపల తుప్పుంటే ఇనుమే చెప్పుద్ది," అన్నాడు ఇనాయతుల్లా.

"పుస్తకంలో తట్టమని లేదయ్యా. తుప్పు గీకి ఎర్ర సీసపు పొడి నూనెలో కలిపి పూయమని ఉంది. ఇంజను పని నీది, చదువు పని నాది."

"సీసపు పొడంటే ఆంజనేయస్వామికి పూసే సింధూరమేనండి. బజార్లో దొరుకుద్ది."

దొరికింది. బజారులో ఉన్న సింధూరమంతా, అంటే రెండు వీశెలు, తిరుపతిరావు గారే కొన్నారు. సాయంత్రానికి చట్రం అవిసెనూనె సింధూరంతో ధగధగలాడింది. దుమ్ము పడకుండా, రంగుకు తగలకుండా ఎదుట తెల్లని దుప్పటి కట్టించి, పెరటి గుమ్మానికి ఒక అట్ట వ్రేలాడదీశారు: "చెప్పులు విడిచి రావలెను. ముట్టరాదు."

మరునాడు శనివారం. గేదె సుఖంగా ఈనితే స్వామికి సింధూరం పూయిస్తానని మొక్కుకున్న ఆకుకూరల రత్తమ్మకు ఏ అంగడిలోనూ చిటికెడు దొరకలేదు. "అంతా తిరుపతిరావు గారు పట్టుకెళ్లారమ్మా," అన్నారు అంగడివారు. ఆమె కొబ్బరికాయతో సహా వచ్చి అట్ట చదివించుకుని, దుప్పటి అంచున ఎర్రగా మెరుస్తున్నది చూసి, స్వామే వెలిశాడనుకుని చెంపలు వేసుకుంది.

పది గంటలకల్లా పెరడు నిండింది. చిల్లకల్లు నుంచి భజన బృందం బయలుదేరిందని కబురు వచ్చింది. మిల్లు యజమాని సుబ్బరాయుడు గారు పందిరికి వెదురు తెప్పిస్తానన్నారు.

"అయ్యా, ఇది జీపు!" అన్నారు తిరుపతిరావు గారు.

"ఏ రూపమైతేనేమండీ! సంజీవి కొండనెత్తినవాడికి జీపొక లెక్కా?" అన్నారు సుబ్బరాయుడు గారు.

"పెయింటు ఆరలేదు మహాప్రభో! ముట్టుకోకండి!"

"చూశారా, ఎంత మడో!" అని జనం రెండడుగులు వెనక్కి జరిగారు. కలెక్టరు కచేరీలో సైతం ఎవరూ ఆయన మాట అంత వినయంగా విని ఉండలేదు. అందుచేత ఆయన దుప్పటి తొలగించి అది జీపేనని చూపించడంలో అయిదు నిమిషాలు ఆలస్యం జరిగింది.

ఎట్టకేలకు దుప్పటి లాగారు. చట్రం చివర వంకర తిరిగిన కమ్మీ బయటపడింది.

"అదుగో, స్వామి తోక!" అని రత్తమ్మ కేక పెట్టి, ఎవరూ ఆపకముందే కొబ్బరికాయ ఎత్తి ఆ పక్కనే బలంగా కొట్టింది.

కాయ పగలలేదు. చట్రం పగిలింది. సింధూరం పొర కింద ఇనుము అప్పడంలా విరిగి, కాయ లోపలికి దూరి అక్కడే కూర్చుంది. గుప్పెడు తుప్పు నేలకు రాలింది.

"స్వామి స్వీకరించాడు!" అన్నారు సుబ్బరాయుడు గారు.

ఇనాయతుల్లా కాయను పెకలించి రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. "స్టీరింగు బిగించే చోటండి. ఇట్టాగే బయల్దేరుంటే చిల్లకల్లు కూడా దాటేవాళ్లం కాదండి." కాయను తిప్పి చూసి, "సుత్తి అడిగితే వద్దన్నారు. సుత్తికన్నా కాయకే పరపతి ఎక్కువండి," అన్నాడు.

తిరుపతిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవవలసినదేమీ లేదు. తరువాత, "తట్టవయ్యా, అంతా తట్టు," అన్నారు.

తట్టితే మరో రెండు చోట్ల చిల్లులు బయటపడ్డాయి. ఇనాయతుల్లా మూడు చోట్లా దళసరి రేకులు అతికి, మళ్లీ సింధూరం పూసి, వారం తిరిగేలోగా జీపును నిలబెట్టాడు. మిగిలిన సింధూరం భారతీదేవి గారి చేతుల మీదుగా అసలైన ఆంజనేయుడికి చేరింది.

నందిగామలో ఇన్‌స్పెక్టరు పుస్తకం ఏదీ తేలేదు; సుత్తి తెచ్చాడు. సరిగ్గా స్టీరింగు దగ్గరే మూడు దెబ్బలు కొట్టాడు. చట్రం గంటలా మోగింది. సంతకం పడింది.

ఆ సాయంత్రం తిరుపతిరావు గారు జీపులో రత్తమ్మ ఇంటికి వెళ్లి, ఇరుగుపొరుగుల సమక్షంలో ఆమెకు కొత్త చీర, పగలని ఆ కొబ్బరికాయ సమర్పించి, తమ వాహనమును, మాటను, బహుశా ప్రాణమును కూడా ఒక్క దెబ్బతో కాపాడినందుకు కృతజ్ఞతలు తెలియజేశారు. ఇంటికి వచ్చి మోటారు పుస్తకం తెరిచి, సీసపు రంగు అధ్యాయం మీద సిరాతో ఇలా సవరించారు: "రంగు వేయుటకు ముందు కొబ్బరికాయతో కొట్టి చూడవలెను. ప్రమాణము: శ్రీమతి రత్తమ్మ, జగ్గయ్యపేట."