పెద్ద గుడ్డు పిల్లలు ఎటువైపు?

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పశువుల డాక్టరు వచ్చేలోపు బాతుల షెడ్డు ఊడ్చేసి, కాఫీ తాగి, గేటు దగ్గర హుందాగా నిలబడాలి, అంతే.

షెడ్డులో ఎడమవైపు పెద్ద గుడ్ల పిల్లలు, కుడివైపు చిన్న గుడ్ల పిల్లలు, మధ్యలో తడిక. గుడ్డు సైజును బట్టి ఎదుగుదల మారుతుందో లేదో డాక్టరు తూకం వేసి తేలుస్తాడు. మారుతుందంటే చిన్న గుడ్లు పెట్టే మందను అమ్మేయాలని అల్లుడి నిర్ణయం. ఆ మంద అత్తగారిది. ఆవిడ పిలిస్తే పలికే బాతులవి. అందుకే కొన్నాళ్లుగా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

ఊడుస్తుండగా చీపురు కర్ర తగిలి తడిక నేలకొరిగింది. కన్ను మూసి తెరిచేలోగా పిల్లలన్నీ కలిసిపోయాయి.

"ఏమండీ, డాక్టరుగారి వ్యాను వచ్చేసింది!" వంటింట్లోంచి భార్య అరిచింది.

"కాఫీ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టు!"

"తర్వాత తాగుతారట! అటే వస్తున్నారు!"

తడిక నిలబెట్టి క్షణం ఆలోచించాడు. పెద్ద గుడ్డులోంచి పెద్ద పిల్లే కదా వస్తుంది! బొద్దువాటిని ఎడమకు, బక్కవాటిని కుడికి గబగబా వేయసాగాడు. అత్తగారు పరుగున వచ్చింది.

"అయ్యో బాబూ, అటు కాదు! ఆ బొద్దువి నావి!"

"మీ బాధ నాకు తెలుసు అత్తయ్యగారూ. కానీ పరీక్ష పరీక్షే."

"నా మాట కాస్త..."

అప్పటికే డాక్టరు గుమ్మంలో ఉన్నాడు.

తూకం చూసి ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇంత తేడానా! రేపు మా పెద్దసారును తీసుకొచ్చి చూపిస్తాను."

అల్లుడు చీపురును మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

"ఇంకెందుకాలస్యం? నేనెటూ సంతకే వెళుతున్నాను, ఆ చిన్న గుడ్ల మందను వ్యానెక్కించండి," అన్నాడు డాక్టరు.

అత్తగారు వ్యానుకు అడ్డంగా నిలబడింది. "ఆ బొద్దువే చిన్న గుడ్ల పిల్లలు డాక్టరుగారూ! పుట్టినప్పుడు బక్కగానే ఉన్నాయి. నా మంద పోతుందన్న భయంతో నేనే వాటికి చాటుగా దాణా ఎక్కువ పెట్టాను."

"మరి ఎడమవైపుకెలా వెళ్లాయమ్మా?"

అందరూ అల్లుడి వైపు చూశారు. అతను మింగలేక కక్కలేక, "తడిక... పడింది," అన్నాడు.

డాక్టరు పగలబడి నవ్వాడు.

"పెద్ద గుడ్డు పిల్ల మొదట్లో బరువుగా ఉండే మాట నిజమే. మంచి మేత పడితే చిన్నదీ అందుకుంటుంది. ఈవిడ చేతిలో దాటేసింది కూడా! మందను ఉంచుకోండి. మేత పని ఆవిడకే అప్పగించండి."

ఆ రోజు నుంచి షెడ్డులోనూ, ఇంట్లోనూ వడ్డన అత్తగారిదే. బాతులు ఏపుగా ఎదుగుతున్నాయి, అల్లుడు మాత్రం కాస్త సన్నబడ్డాడు.