ఎవాంథియా కుడిచెయ్యి

ఆ రోజు పొద్దున ఎవాంథియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలకూర కూరిన పిట్టా రొట్టె కాల్చి డబ్బాలో పెట్టుకోవడం, ఒక సీసాలో నీళ్ళు పట్టుకోవడం, స్టేషన్‌కు వెళ్ళి చెల్లెలు పోలిక్సేనిని ఏడవకుండా సాగనంపడం, ఏడుపేదో ఇంటికొచ్చాక తీరిగ్గా ఏడవడం. పిట్టా అంచులు మడుస్తుండగా ఆమె కుడిచెయ్యి మాట్లాడింది.

"ఎవాంథియా గారూ, అప్‌డేట్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు చేయమంటారా? తర్వాత గుర్తుచేయమంటారా?"

ఆ చెయ్యి థలామెక్స్ కంపెనీది. అసలు చెయ్యి వాళ్ళ చేపల ఫ్యాక్టరీలోనే పోయింది కాబట్టి, బదులుగా ఈ మరచెయ్యి ఇచ్చారు. వాడుకోవడం ఆమె వంతు, హక్కు కంపెనీది. ఎవాంథియా మణికట్టు మీది చిన్న తెరపై "తర్వాత" అని నొక్కింది. చలికాలం నుంచీ రోజూ అదే నొక్కుతోంది. పక్కింటి ముసలాయన కంటికి అప్‌డేట్ చేయించుకున్నప్పటి నుంచి, చర్చిలో పాదిరిగారి నెత్తిమీద సబ్బు ప్రకటన కనిపిస్తోందట. రేపు ఈ చెయ్యి పిట్టా మడవడం మరిచిపోతే? జరగబోయే కీడు ఏదైనా ఎవాంథియాకు ముందే కనబడుతుంది. జరగనివి మరీ స్పష్టంగా కనబడతాయి.

ఈసారి కీడు మాత్రం నిజమైనదే. పోలిక్సేని పనిచేసే నాచు వంటశాలను థలామెక్స్ తన పోటీదారు ఒరెస్టాక్ కంపెనీకి అమ్మేసింది. గిన్నెలు, కుర్చీలు, కుర్చీల్లో కూర్చునే మనుషులు, అన్నీ కలిపి. థెస్సలోనికి నగరంలో ఇటు వీధులు థలామెక్స్‌వి, ఆక్సియోస్ నది దాటితే ఒరెస్టాక్‌వి. ఒరెస్టాక్ మనిషికి ఇటు ఏ తలుపూ తెరుచుకోదు, కన్నవాళ్ళ ఇంటి తలుపైనా సరే. ఎవాంథియా భర్తను ఓడల కంపెనీ ఇలాగే తీసుకుపోయింది. ఆఖరికి పిల్లిని కూడా, ఆ జాతి పిల్లులన్నీ ఇంకో కంపెనీకి మారాయంటూ ఎత్తుకుపోయారు. మిగిలింది ఈ చెల్లెలు ఒక్కతే.

స్టేషన్‌లో ఒరెస్టాక్ రైలు ముందున్న పసుపుగీత దగ్గర థలామెక్స్ కాపలాదారు లాజరోస్, అతని ఇనుప కుక్క నిలబడి ఉన్నారు. గీత దగ్గర కౌగిలించుకోవచ్చు, కానీ వెంటనే వదలాలి. కంపెనీలు పనిమంతులను ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తుకుపోవడం మామూలే గనక, ఎవరైనా ఎవరినైనా ఎక్కువసేపు పట్టుకుంటే కుక్క దాన్ని అపహరణ కింద జమకడుతుంది.

"ఏంటక్కా, ఊరందరికీ వండావా?" అంది పోలిక్సేని డబ్బా చూసి.

"నీకొక్కదానికే. అక్కడ తిండి ఎలా ఉంటుందో ఏమో."

"అక్కడ వండేదే నేనక్కా!"

"అందుకే భయం."

పోలిక్సేని నవ్వబోయి మానేసింది. "ఆ చేతికి అప్‌డేట్ చేయించుకో. ఎన్నిసార్లు చెప్పాను? నా మాట ఒక్కటీ వినవు కదా."

ఎవాంథియా కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే చెయ్యి ఎంతో మర్యాదగా చెప్పింది: "వాయిదాలు అయిపోయాయి. అప్‌డేట్ మొదలవుతోంది. దయచేసి కదపకండి." వేళ్ళు టక్కున బిగుసుకున్నాయి.

రైలు కూత వేసింది.

"అక్కా, వదులు."

"వదిలాను."

"ఎక్కడ వదిలావ్?"

"నేను వదిలానే! అది వదల్లేదు!"

కంగారులో ఎవాంథియాకు ఒక్కటే తోచింది, కనీసం నీళ్ళయినా పోయాలి. వెళ్ళేవాళ్ళ వెనక నీళ్ళు పోస్తే దారి సాఫీగా సాగి, మళ్ళీ తిరిగొస్తారు. ఎడమచేత్తో సీసా విదిలించింది. చెల్లెలు కదిలి ఉంటే అవి ఆమె అడుగుల వెనక పడేవి. కదల్లేదు గనక కుక్క మొహాన పడ్డాయి.

కుక్క ఒక్కసారి తుమ్మి, "గుర్తు తెలియని ద్రవం! దాడి!" అని ప్రకటించింది. స్టేషన్ తలుపులన్నీ దడదడా మూసుకుపోయాయి.

"పిన్నిగారూ, ఏం పోశారండీ?" అన్నాడు లాజరోస్ పాలిపోయి.

"నీళ్ళు బాబూ. మీ అమ్మ పొయ్యలేదూ నీ వెనక?"

"పోసేది. కుక్క మీద ఎప్పుడూ పొయ్యలేదు."

రైల్లోంచి ఒరెస్టాక్ అధికారిణి కలిరోయి తుపాకుల వాళ్ళతో దిగింది. తమ కొత్త ఉద్యోగిని చేరిన రోజే శత్రు కంపెనీ పట్టుకుంది, పైగా ఏదో ద్రవం చల్లింది, ఆమెకు అర్థమైంది అంతే. "మా మనిషిని వదలండి!" అని అరిచింది.

"మీరు మా చేతిని వదలండి!" అన్నాడు లాజరోస్, ఇక వెనక్కి తగ్గే దారి లేక.

ఆకాశంలో డ్రోన్లు మూగాయి. వీధి తెరల మీద యుద్ధవార్త, దాని కింద సబ్బు ప్రకటన. రొట్టెల కొట్టువాడు షట్టర్ దించాడు. ఎదుటి బాల్కనీలో ఒకావిడ ముందుజాగ్రత్తగా ఒరెస్టాక్ జెండా కట్టింది. ఆమె పక్కింటాయన రెండు జెండాలూ కట్టాడు.

"ఆ డబ్బాలో ఏముంది?" కలిరోయి తుపాకీ చూపించింది.

"పిట్టా, తల్లీ."

ఆమె వెంట వచ్చిన నిపుణుడొకడు పొడుగాటి పట్టకారుతో మూత ఎత్తాడు. "మేడమ్, లోపల పచ్చగా ఉంది!"

"పాలకూర పచ్చగా కాక ఎర్రగా ఉంటుందా?" అని కసిరింది పోలిక్సేని.

చెయ్యి కోసేద్దామన్నాడు నిపుణుడు. ఎవాంథియా కెవ్వుమంది. అది మా ఆస్తి, దాని మీద గీటు పడ్డా ఊరుకోం అన్నాడు లాజరోస్. అయితే లాగుదామన్నారు. లాగితే మా ఉద్యోగిని మణికట్టు విరుగుతుంది, అదీ కుదరదంది కలిరోయి. రైలెక్కిద్దామంటే థలామెక్స్ చేతిని దొంగిలించినట్టు. దించుదామంటే ఒరెస్టాక్ మనిషిని అపహరించినట్టు. రెండు కంపెనీల పెద్దలూ తెరల మీద ప్రత్యక్షమై ఒకరినొకరు బెదిరించుకుంటూ ఉంటే, కింద వాళ్ళ మనుషులు ఆకలేసి పిట్టా పంచుకు తిన్నారు. బాగుందన్నారు కూడా.

చివరికి పెద్దలు తేల్చారు. చెయ్యి తనంతట తాను వదిలేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏ కంపెనీదీ కాని చోట, నది వంతెన మీది పాత కాపలా ఇంట్లో ఉండాలి. తిండి థలామెక్స్‌ది, పొయ్యి ఒరెస్టాక్‌ది. రైలు పోలిక్సేని కుర్చీని మాత్రం ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లోకి వచ్చి ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారో లేదో, చెయ్యి మళ్ళీ మాట్లాడింది. "అప్‌డేట్ పూర్తయింది. పట్టు వదలమంటారా? తర్వాత గుర్తుచేయమంటారా?"

ఎవాంథియా కిటికీలోంచి అవతలి ఒడ్డు చూసింది, చెల్లెలి మొహం చూసింది. "పోనీలే. నావల్ల నీకు మాట రాకూడదు. వదిలేస్తా," అంటూ ఎడమచేతి వేలు తెర దగ్గరికి తెచ్చింది.

పోలిక్సేని ఆ వేలిని చటుక్కున పక్కకు కొట్టింది. "ముట్టుకున్నావంటే ఊరుకోను! ఒక్కసారైనా నా మాట విను," అని తనే "తర్వాత" నొక్కింది.

ఆ చెయ్యి ఇప్పటికీ రోజూ పొద్దున్నే, ఎంతో మర్యాదగా, గుర్తుచేస్తూనే ఉంది.