టోకెన్ లేని బ్యాగు

యూనివర్సిటీ లైబ్రేరియన్ ఆ ఉదయం ఒక నిశ్చయంతో నిద్ర లేచింది. ఆమె నిశ్చయంతో లేచిన రోజుల్లో భర్త కాఫీ తనే కలుపుకుంటాడు, అనవసరంగా ఎదురుపడడు. కానీ ఆ రోజు పాపం ఉండబట్టలేక, "ఏమిటి హడావుడి?" అని అడిగాడు.

"మధ్యాహ్నం కొత్త రిజిస్ట్రారు వస్తాడు. మా లైబ్రరీలో ఒకరి పని ఇంకొకరికి రాదట. పని నేర్చుకోని చోట కాంట్రాక్టులు పొడిగించడట. నెలాఖరుకి మా కౌంటరక్క కాంట్రాక్టు అయిపోతుంది. అందుకే ఈ రోజు అందరి సీట్లూ మార్చేస్తున్నాను. ఎవరైనా ఏ పనైనా చేయగలరని ఆయన కళ్ళారా చూడాలి."

భర్త గ్లాసులో కాఫీ పోసుకున్నాడు. "అందరికీ అన్ని పనులూ వస్తే, ఒకరిని తీసేసినా నడుస్తుందని అనడూ?"

"మీరు ముందు ఆ స్టవ్ కట్టేయండి," అంది లైబ్రేరియన్.

లైబ్రరీ తెరవకముందే ముగ్గురు సిబ్బందీ ఆమె గదిలో చేరారు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటరక్కను బైండింగు గదికి పంపింది. పుస్తకాలకు వర్గీకరణ అంకెలు వేసే క్యాటలాగు మాస్టారిని కౌంటర్లో కూర్చోబెట్టింది. అందరూ బాబాయి అని పిలిచే బైండరుకు సాక్షాత్తూ తన కుర్చీ ఇచ్చింది. బాబాయి ఆ కుర్చీ అంచున, బస్సులో ఆడవాళ్ళ సీట్లో దొరికిపోయినవాడిలా కూర్చున్నాడు. గేటు మనిషి సెలవులో ఉన్నాడు గనుక, వచ్చినవాళ్ళ బ్యాగులు తీసుకుని టోకెన్లు ఇచ్చే పని ఆమే పెట్టుకుంది.

"ఒక్కటే నియమం. 'అది నా సీటు కాదు' అనే మాట ఈ రోజు ఎవరి నోటా రాకూడదు. మీ ముందుకు ఏ పని వస్తే అది చేసేయడమే. నన్ను అడగొద్దు. నేనూ మీ జోలికి రాను."

"ఫోను మోగితేనో మేడం?" అన్నాడు బాబాయి.

"నువ్వే మాట్లాడు బాబాయ్. ఈ రోజు నువ్వే లైబ్రేరియన్‌వి."

బాబాయి జన్మలో ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. ఆ సంగతి లైబ్రేరియన్‌కు తెలుసు. తెలిసీ ఆ క్షణాన గుర్తు రాలేదు, అంతే.

మొదటి గంట ముచ్చటగా గడిచింది. ఆ తరువాత తత్త్వశాస్త్రం వాళ్ళు కుర్చీలు మోసుకుంటూ వచ్చారు. చదువుకునే హాల్లో సెమినారు పెట్టుకుంటారట, లైబ్రేరియన్ గదిలోంచి అనుమతి వచ్చిందట. లైబ్రేరియన్ పళ్ళు బిగపట్టి టోకెన్లు ఇచ్చింది. వాళ్ళ వెనకాలే యూనివర్సిటీ వాయిద్య బృందం దిగింది.

"మాకూ అదే హాలు ఇచ్చారండీ, సాధనకి. ఎంత మంచివారో, అడగ్గానే ఒప్పుకున్నారు," అన్నాడు డ్రమ్ములతను.

లైబ్రరీలో డ్రమ్ములు. ఆమె ప్రాణం విలవిల్లాడింది. పరిగెత్తుకెళ్ళి బాబాయిని నాలుగు దులిపేయాలనిపించింది. కానీ నియమం పెట్టింది తనే. తనే తప్పితే మిగతావాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఖాళీ చేసిన డ్రమ్ముల సంచులూ తాళాల పెట్టెలూ తీసుకుని అరల్లో కుక్కింది. అరలు నిండిపోయాయి, టోకెన్లు అయిపోయాయి.

అటు కౌంటరు దగ్గర వరస తలుపు దాకా పాకింది. క్యాటలాగు మాస్టారు ఏ పుస్తకమూ ఊరికే ఇవ్వడం లేదు. ముందు దాని వీపు మీది అంకె సరైనదో కాదో తేలాలి. "ఈ వంతెనల పుస్తకాన్ని భూగోళంలో ఎవరు పెట్టారు? నువ్వు చెప్పు, నీకు సబబుగా ఉందా?" అని ఒక విద్యార్థినిని నిలదీస్తున్నారు. ఆ అమ్మాయికి రేపు పరీక్ష.

సరిగ్గా అప్పుడు, చెప్పిన వేళకంటే బాగా ముందే, తోలు బ్యాగుతో ఒక పెద్దమనిషి వచ్చాడు. బ్యాగు పిడి ఒక్క దారం మీద వేలాడుతోంది.

"నేను రిజిస్ట్రారుని."

లైబ్రేరియన్ గడియారం వైపు చూసింది. ఆయన ఆమె గొంతు ఫోన్లో విన్నాడు గానీ మనిషిని చూడలేదు. చెప్పేద్దామా అనుకుని, వద్దనుకుంది. ఏర్పాటు దానంతట అది నడుస్తుంటే చూడనీ అని మొండికేసింది.

"ఎవరైనా సరే సార్, బ్యాగు ఇక్కడ పెట్టి వెళ్ళాలి. టోకెన్లు అయిపోయాయి. నేను చూస్తుంటాను."

ఆయన ముచ్చటపడి బ్యాగు ఇచ్చి లోపలికి వెళ్ళాడు. అరల్లో చోటు లేక ఆమె దాన్ని పక్క బల్ల మీద పెట్టింది. చినిగి వచ్చిన పుస్తకాలు, బైండింగుకు పోవలసినవి, రోజూ పెట్టే బల్ల అది.

కాసేపటికి గేటు దగ్గరి ఫోను మోగింది. బాబాయి గొంతు.

"మేడం, అడగొద్దన్నారనుకోండి. ఒకరిని తగ్గిస్తే నడుస్తుందా అని సారు అడిగితే నడుస్తుందన్నాను. ఇద్దరినైతేనో అంటే, మీరు చెప్పాలి గానీ ఎందుకు నడవదండీ అన్నాను. ఇప్పుడు ఆ ఇద్దరూ ఎవరని అడుగుతున్నారు. కౌంటరూ, బైండింగూ అని చెప్పేయనా?"

"బాబాయ్, బైండింగంటే నువ్వే."

అటువైపు కుర్చీ కిర్రుమంది. "ఈ రోజు కాదనుకున్నానండీ," అన్నాడు నీరసంగా.

లైబ్రేరియన్ గేటు వదిలేసి పరుగు తీసింది.

"ఆ కుర్చీ నాది సార్, నేను లైబ్రేరియన్ని," అంది గదిలో అడుగు పెడుతూనే. ఆయాసంతో మాట సగమే వచ్చింది.

రిజిస్ట్రారు తాపీగా చూశాడు. "ఆ మాట ఈ రోజు అనకూడదట కదమ్మా. మీ శిక్షణ అద్భుతం. ఎవరైనా ఎక్కడైనా కూర్చుంటున్నారు, అంటే ఇద్దరు ఎక్కువే. ఉత్తర్వు నా బ్యాగులో ఉంది. పదండి, సంతకం పెట్టేస్తాను."

భర్త ఉదయం అన్న మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కౌంటరక్కకు మేలు చేయబోయి, చేతులారా బాబాయికి కూడా ఎసరు పెట్టింది. గేటు దాకా నడుస్తున్నంతసేపూ ఏ మాట అంటే ఈయన ఆగుతాడా అని వెతుక్కుంది. ఒక్క మాటా దొరకలేదు.

గేటు దగ్గర బ్యాగూ దొరకలేదు.

అరలన్నీ చూశారు. డ్రమ్ముల సంచులు దింపి చూశారు. "ఇంటి తాళాలు అందులోనే ఉన్నాయి," అన్నాడు రిజిస్ట్రారు, అధికారమంతా దిగిపోయిన గొంతుతో.

లైబ్రేరియన్‌కు సిగ్గుతో తల వాలిపోవలసిందే. వాలలేదు.

"సార్, నేను గేటు వదిలి ఎంతసేపయింది?"

"అయిదు నిమిషాలేమో."

"తప్పు నాదే. కానీ ఒక్క సీటు అయిదు నిమిషాలు ఖాళీగా ఉంటే ఇలా ఉంది. రెండు సీట్లు ఎప్పటికీ ఖాళీగా ఉంచమంటున్నారు. పని అందరికీ వచ్చినా, ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు సార్."

రిజిస్ట్రారు జేబులు మరోసారి తడుముకున్నాడు. ఆ సమయానికి కౌంటరక్క బైండింగు గదిలోంచి, చేతుల నిండా జిగురుతో, బ్యాగు పట్టుకుని వచ్చింది.

"బల్ల మీద చినిగినవన్నీ తీసుకెళ్ళాను మేడం. ఇది కాస్త కష్టపెట్టింది."

పిడి బైండింగు దారంతో నాలుగు వరసలు కుట్టి ఉంది. పక్కన, పుస్తకాల వీపుకు వేసే చీటీ అంటించి ఉంది. మూత మీద నిండుగా, గుండ్రంగా లైబ్రరీ ముద్ర. రిజిస్ట్రారు పిడి పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు.

"దీన్ని పారేయమని మా ఆవిడ ఏడాదిగా పోరుతోంది," అన్నాడు మెల్లగా. "నీ అసలు సీటు ఏదమ్మా?"

"కౌంటరండీ. నెలాఖరు వరకు."

ఆయన బ్యాగు తెరిచి ఉత్తర్వు తీశాడు. కాసేపు చూసి, అడ్డంగా గీత కొట్టి, కింద 'ఎవరినీ తగ్గించనక్కరలేదు, కాంట్రాక్టు పొడిగించండి' అని రాసి సంతకం చేశాడు. కౌంటరక్క ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, జిగురు చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. లోపల డ్రమ్ములు మొదలయ్యాయి.

రిజిస్ట్రారు బ్యాగుతో గేటు దాటబోతుంటే లైబ్రేరియన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముద్ర పడింది సార్. కౌంటర్లో రాయించుకోకుండా బయటికి వెళ్ళనివ్వకూడదు. ఈ రోజు నా సీటు గేటు."

ఆయన వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి, తోలు సంచిని ఏ శాస్త్రం కింద పెట్టాలో క్యాటలాగు మాస్టారు చాలాసేపు తేల్చుకోలేకపోయారు.

రెండు వారాల తరువాత, బ్యాగు తిరిగివ్వాల్సిన గడువు తేదీ ఉదయం, రిజిస్ట్రారు దానితో కౌంటరు ముందుకు వచ్చాడు. కౌంటరక్క తన సీట్లో కూర్చుని, ఆ బ్యాగు కోసం ఇంకెవరూ అడగలేదని చూసుకుని, మరో రెండు వారాలు పొడిగించింది.