చెరువులో రంగునీళ్ల ఓడ

పుల్లలచెరువుకు అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరి చెరువులో ఓడ ఉందంటే కనిగిరిలో కూడా నమ్మనివాళ్లున్నారు. ఓడ ఉంది. నీళ్లే లేవు. నీళ్లొస్తే షికారుకు పనికొస్తుందని ముందే తెచ్చిపెట్టి, తుమ్మచెట్టుకు లావుపాటి మోకుతో కట్టేశారు. కట్టకపోతే కొట్టుకుపోదా? ఊరి చెరువు కమిటీ ముందుచూపు అట్లాంటిది.

షికారుకు ఎవరూ రాలేదు. ఉత్తినే ఎండుతున్న ఓడను నిలువనీడ లేని వృద్ధులకు ఆశ్రయం చేశారు. ముసలివాళ్లు నిచ్చెన ఎక్కలేరని ఓడ అడుగున రేకు కోసి వాకిలి పెట్టారు. ఫోటోల్లో ఓడ నేలమీద కూర్చున్నట్టు పడితే ఊరి పరువేం కావాలి? అందుకని సగం ఎత్తు వరకు నీలం అలలు, అలల నిండా చేపలు వేయించారు. పెయింటరు చేపలకు కనురెప్పలు కూడా పెట్టాడు. చేపలకు రెప్పలుండవని చూసేవాళ్లకు కూడా తెలియదు గనుక ఎవరూ తప్పు పట్టలేదు.

గాలిదుమారానికి రేకుల ఇల్లు పోగొట్టుకున్న సుబ్బయ్య ఆ ఓడలో చేరాడు. మూడో తరగతితో చదువూ, దాంతోపాటే మాటలూ చాలించిన మనిషి. మంచం, నీడ, రెండుపూటలా అన్నం అతనికి ఒకేచోట దొరకడం జన్మలో ఇదే మొదలు. ఇది పోతే బస్టాండు అరుగే గతి.

ప్రారంభోత్సవంలో కమిటీ చైర్మన్ ఆనంద్ బాబు గంభీరంగా ప్రకటించాడు: "ఈ ఓడ కదలదు. మన సంకల్పం లాగానే!"

చప్పట్లు మోగాయి. సుబ్బయ్య కూడా కొట్టాడు. భోజనాలు ఆ తర్వాతే మరి.

పెద్ద అధికారులు చూడ్డానికొస్తే ముసలివాళ్లంతా లైఫ్ జాకెట్లు తొడుక్కుని మంచాల మీద బుద్ధిగా కూర్చునేవారు. ఓడలో తడి కనిపించేది ఆ రోజే, చెమటతో.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. బతుకంతా మెట్టచేను గట్టున నిలబడి వానను పిలిచిన సుబ్బయ్య, మబ్బుకు చేతులు జోడించాడు.

"పో నాయనా, బేస్తవారిపేట దిక్కు పో."

పక్క మంచం రాఘవమ్మ విని నవ్వింది. "ఏంది సుబ్బన్నా, ఇన్నేండ్లు రమ్మని మొక్కితివి. ఇప్పుడొస్తే తరుముతుండావే?"

"అప్పుడు చేనుండె. ఇప్పుడు మంచముండాది."

ఏడాదికి సరిపడా మాట్లాడేశానని అతను నోరు మూసుకున్నాడు.

మబ్బు మాట వినలేదు. చెరువులోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. వాకిలి అడుగునే ఉంది గనుక నీళ్లకు ఓడలోకి రావడం సులువైంది. ముసలివాళ్లు లైఫ్ జాకెట్లు చంకనబెట్టుకుని కట్ట ఎక్కారు. అసలు నీళ్లు రంగు నీళ్లను, కనురెప్పల చేపలను ముంచేశాయి. మునిగే ఓడను కదలనివ్వకుండా మోకు మాత్రం తన బాధ్యత నిర్వర్తించింది.

కట్టమీదే అత్యవసర సమావేశం పెట్టారు. ఆనంద్ బాబు ఓడ వైపు చెయ్యి చూపాడు. "నీళ్లు మళ్లీ వస్తాయి. ఓడ మళ్లీ వస్తుందా? తూము ఎత్తి నీళ్లు వదిలేద్దాం. సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి!"

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల పిల్లల పెళ్లి ఫోటోలన్నీ ఆ ఓడ ముందు దిగినవే.

మొదట లేచింది సుబ్బయ్య చెయ్యి. నీళ్ల కోసం బోరు మీద బోరు వేయించి, ఉన్న చేను పోగొట్టుకున్న చెయ్యి అది. దాని వెనకే కట్టంతా చేతులు లేచాయి.

నీళ్లు వాగులో పడి పోయాయి. ఓడ దక్కింది. అలలకు కొత్తరంగు పడింది, ఈసారి ఇంకాస్త ఎత్తున. సమృద్ధి కనిపించాలి గదా!

ఎండాకాలం వచ్చేసరికి నీళ్ల ట్యాంకరు సరిగ్గా ఆ ఓడ పక్కనే ఆగుతున్నది. వరుసలో నిలబడ్డ సుబ్బయ్యను చూసి రాఘవమ్మ వెనక్కి తిరిగింది.

"ఏందన్నా, ఇప్పుడు మంచం తడవడం లేదు గదా?"

"లేదమ్మా. మంచమూ పొడిగానే ఉండాది, బిందె కూడా పొడిగానే ఉండాది."

వరుస మొత్తం పగలబడి నవ్వింది. ఆనాడు కట్టమీద చెయ్యెత్తనివాళ్లు అందులో ఒక్కరూ లేరు.