డ్రిల్లు మాస్టారి కుళాయి

పొద్దున్నే బ్యాగు సర్దుకుంటూ భార్య ఒక మాట అంది. "నేను మూడు రోజులు చెల్లెలింట్లో ఉంటాను. ఈలోపు మాట్లాడుకోవడానికి మీకంటూ ఒక్క మనిషైనా ఉన్నాడా?"

ఆవిడకేం, మెట్లు దిగేలోపు నలుగురిని పలకరించి, దిగాక ఇంకొకరికి ఫోను చేసే రకం. రిటైరయిన డ్రిల్లు మాస్టారికి మాత్రం ఉన్న తోడల్లా ఆవిడే. మాట చురుక్కున తగిలింది. సాయంత్రంలోగా ఒక స్నేహితుణ్ణి సంపాదించి తీరాలని మీసం మెలేశారు.

కానీ "ఊరికే రండి, కూర్చుందాం" అని మగాడు మగాణ్ణి ఎలా పిలుస్తాడు? సిగ్గు కాదూ! పనుంటే పిలవచ్చు. అందుకని వంటింటి కుళాయిని తన చేత్తోనే వదులు చేసి, పైఇంటి బ్యాంకు మేనేజరు తలుపు కొట్టారు.

"కాస్త కారుతోందండీ. ఓ చెయ్యి వేస్తారా?"

మేనేజరు పానా పట్టుకుని పరుగున వచ్చాడు. "ఇదెంత పనండీ!" అంటూ బలమంతా పెట్టి తిప్పాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. నీళ్లు కప్పు దాకా ఎగిశాయి. కేకలు విని వచ్చిన ఎదురింటి పళ్ల డాక్టరు అలవాటు కొద్దీ దూది కుక్కాడు. దూది తిరిగొచ్చి ఆయన మొహానికే అంటుకుంది. "మా పడగ్గదిలో వాన పడుతోంది, కేసు వేస్తా!" అంటూ ఊడిపడ్డ కిందింటి వకీలు, మెయిన్ వాల్వు కట్టేయబోయి విరగ్గొట్టాడు.

"వరుసలో నిలబడండి! బకెట్లు అందుకోండి!"

మాస్టారి గొంతు ఎన్నాళ్లకో మళ్లీ లేచింది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నలుగురూ నీళ్లు తోడి, వంటగట్టు ఎక్కి కూలబడ్డారు. టీ పెడదామంటే చుక్క నీరు లేదు. అయినా ఎవరూ లేవలేదు. కబుర్లలో పడి వకీలు కేసు సంగతే మరిచిపోయాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

బిల్డింగులోని ఆడవాళ్లందరి ఫోన్లూ అందుకుని, భార్య సగం దారి నుంచే వెనక్కి వచ్చింది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదండీ కుళాయి?" అంది.

అబద్ధమాడితే ఈ స్నేహం నిలవదనిపించింది మాస్టారికి. "నేనే విప్పాను. మిమ్మల్ని పిలవడానికి వేరే వంక దొరకలేదు" అన్నారు ముగ్గురి వైపూ తిరిగి, తల దించుకుని.

వకీలు కళ్లెర్రజేసి లేచాడు. అంతలో మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"పోయిన నెల మా గీజరు చూడమని మిమ్మల్ని పిలిచాను, గుర్తుందా? మీరు ఎలక్ట్రీషియను నంబరిచ్చి పంపేశారు."

"అవును. బాగైందా?"

"దానికేమైందండీ, బాగు కావడానికి!"

వకీలు మెల్లగా మళ్లీ గట్టెక్కి కూర్చున్నాడు.

వచ్చే ఆదివారం వకీలు గారింట్లో ఫ్యాను పాడవుతుందని ఆ సాయంత్రమే ఖరారైంది.